బేస్‌మెంట్‌లో పారబోసే నీళ్లు, ట్యాంకర్‌తో కొనే నీళ్లు

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్. పురం వైపు చాలా అపార్ట్‌మెంట్లలో రెండు మోటార్లు నడుస్తుంటాయి. ట్యాంకర్ తెచ్చి సంపులో పోసిన నీళ్లను పై ట్యాంకుకు ఎక్కించేది ఒకటి. బేస్‌మెంట్ గోడల్లోంచి ఊరుతూ వచ్చి, ఒక మూలనున్న గుంతలో చేరిన నీళ్లను తోడి వీధి కాలువలోకి వదిలేది ఇంకొకటి. మొదటి నీళ్లను కొనడానికి నెలనెలా మెయింటెనెన్స్‌లో డబ్బు కడతాం. రెండో నీళ్లను వదిలించుకోవడానికి కరెంటు బిల్లు కడతాం. అదే ఆవరణలో వెయ్యి అడుగులు దాటిన బోరు ఒకటి ఎండిపోయి పడి ఉంటుంది.

వెయ్యి అడుగుల కింద చుక్క లేదు, పాతిక అడుగుల లోతులో మోటారు పెట్టి తోడాల్సినంత ఊట ఉంది. నేల కింద నీరంతా ఒకటేనని అనుకుంటే ఇది వింతగానే కనిపిస్తుంది. కానీ బెంగళూరు కింద ఉన్నవి రెండు వేరు వేరు నీళ్లు. లోతు నీటి కోసం లక్షలు పోసి తవ్వుతూ, పై నీటిని లెక్కలోకి తీసుకోవడమే మానేశాం. వాన నింపేది, ఇంకుడు బావి నిలిపేది ఆ పై నీటినే.

బండ మీద మొరం, మొరంలో నీరు

లాల్‌బాగ్‌లో జనం ఎక్కి కూర్చునే బండ దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటి నైస్ శిల. నగరం కింద పరుచుకుని ఉన్నది చాలావరకు ఈ జాతి రాయి, గ్రానైటు. దాని మీద ఎర్రమట్టి, ఆ కింద మొరం, ఆ కింద ఎండకూ వానకూ కాలక్రమంలో మెత్తబడిన రాయి. ఈ మెత్తటి పొర కొన్నిచోట్ల పది అడుగులకే అయిపోతుంది, కొన్నిచోట్ల అరవై డెబ్బై అడుగుల దాకా పోతుంది. దాని కింద గట్టి బండ.

మెత్తటి పొర స్పాంజి లాంటిది. మరీ గొప్ప స్పాంజి కాదు. వంద లీటర్ల రాతిలోంచి మనం తోడుకోగలిగేది ఒకటి నుంచి మూడు లీటర్లు మాత్రమే. అయితే అది వీధులు, కాలనీలు దాటి పరుచుకుని ఉంటుంది, ఒక మంచి వానాకాలంలో నిండుతుంది, వేసవికి తగ్గుతుంది. పాత ఊరబావులన్నీ ఈ నీటి మీద బతికినవే.

కింది బండలో ఖాళీ అన్నదే ఉండదు, పగుళ్లు మాత్రమే ఉంటాయి. బోరు డ్రిల్లు ఆ పగులుకు తగిలితే 'జల పడింది' అంటాం, తగలకపోతే పొడి దుమ్ము వస్తుంది. ఆ పగుళ్లలో పట్టే నీరు మొత్తం రాతి పరిమాణంలో నూటికి ఒక పాలు కూడా ఉండదు. పైగా అక్కడికి నీరు చేరాలంటే పై పొరలోంచి, ఒక పగులు నుంచి ఇంకో పగులుకు దారి దొరకాలి. దొరికినా ఏళ్లు పడుతుంది. అనంతపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చినవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. పొలంలో పక్కపక్కనే వేసిన రెండు బోర్లలో ఒకటి పోసి, ఇంకొకటి ఎండటం వాళ్లు చూసే ఉంటారు.

బోరుకు గట్టి బండ తగిలేదాకా కేసింగ్ పైపు దించుతారు. మట్టి జారి లోపల పడకుండా అది అవసరమే. కానీ ఆ పైపే పై నీటిని బోరులోకి రానివ్వదు. అందుకే రాత్రంతా వాన కురిసి వీధి మోకాళ్ల లోతు మునిగినా, తెల్లవారి బోరులో మార్పు ఉండదు. నిండింది పై పొర. ఆ నీరే బేస్‌మెంట్ గోడలోంచి ఊరుతుంది.

బోరు నీళ్లు తగ్గగానే ఇంకా లోతుకు వేయిద్దామనే ఆలోచన వస్తుంది. దానికి ముందు ఒక పరీక్ష చేయండి. బోరు పైపును 200 లీటర్ల డ్రమ్ములోకి పెట్టి, నిండటానికి ఎంత సేపు పట్టిందో మోటారు వేసిన వెంటనే ఒకసారి, అరగంట తర్వాత ఒకసారి రాయండి. మొదటినుంచీ ధార సన్నగా ఉంటే లోపలి పైపుకు చిల్లు పడిందేమో, మోటారు అరిగిందేమో, వోల్టేజీ సరిపోవడం లేదేమో ముందు చూడాలి. మొదట బాగా పోసి తర్వాత గాలి కక్కుతుంటే బోరులోకి ఊట నెమ్మదిగా వస్తోందన్నమాట. అలాంటి బోరును గంటలకొద్దీ నడపకుండా, టైమర్ పెట్టి పావుగంట తోడి రెండు మూడు గంటలు ఆపితే రోజు మొత్తానికి ఎక్కువ నీళ్లు వస్తాయి, మోటారు కాలిపోదు. నీరు లేనప్పుడు మోటారును ఆపే డ్రై రన్ రక్షణ తప్పనిసరి. ఇవి చూడకుండా కొత్త బోరు వేయడమంటే, పక్కింటి బోరు తాగుతున్న పగులులోకే ఇంకో గొట్టం దించడం. నగరంలో దానికి ముందస్తు అనుమతి కూడా కావాలి.

కావేరి వచ్చింది కదా

వచ్చింది. 2024 అక్టోబరులో కావేరి నీటి పథకం ఐదో దశ మొదలై, నగరంలో కలిసిన 110 గ్రామాల కోసం రోజుకు 77.5 కోట్ల లీటర్ల సామర్థ్యం తోడైంది. కానీ ఆ నీళ్లు మండ్య జిల్లాలోని తొరెకాడనహళ్లి నుంచి దాదాపు వంద కిలోమీటర్లు ప్రయాణించి, పంపుల మీద పంపులు మారుతూ అర కిలోమీటరు ఎత్తు ఎక్కి వస్తాయి. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున కూర్చున్న నగరం మనది. నది ఎండినా, పంపు ఆగినా, ఎక్కడో పైపు పగిలినా కుళాయి ఆగుతుంది. 2024 మార్చిలో నగర నీటి సరఫరా బోర్డు, అంటే జలమండలి, తాగునీటితో కార్లు కడగడం, తోటలు తడపడం నిషేధించి 5,000 రూపాయల జరిమానా పెట్టాల్సి వచ్చిన రోజులు అందరికీ గుర్తున్నాయి. అంత దూరం నుంచి తెచ్చిన నీటిని తాగడానికి, వంటకు, స్నానానికి ఉంచి, మిగతా పనులకు కాళ్ల కింది నీరు వాడటం న్యాయం.

వాన ఎంత ఇస్తుంది

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. బెంగళూరులో సగటున ఏడాదికి 970 మిల్లీమీటర్ల దాకా కురుస్తుంది. అదీ ఏప్రిల్ నుంచి నవంబరు దాకా విడతలు విడతలుగా. ఒకే మూడు నెలల్లో కుమ్మరించే ఊళ్లతో పోలిస్తే ఇది వరం. చిన్న ట్యాంకు కూడా ఏడాదిలో ఎన్నోసార్లు నిండి ఖాళీ అవుతుంది.

సైటు 60 అడుగులకు 40, డాబా 150 చదరపు మీటర్లు ఉన్న ఇల్లు తీసుకుందాం. ఆవిరికీ చిందడానికీ 15 శాతం తీసేస్తే ఏడాదికి 1,23,000 లీటర్లకు పైగా వస్తాయి. నలుగురు మనుషులు, తలకు రోజుకు 135 లీటర్ల చొప్పున ఏడాదికి 1,97,000 లీటర్లు వాడతారు. అంటే అవసరంలో అరవై శాతానికి పైగా డాబా మీదే పడుతోంది.

ఇప్పుడు 60 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. ఇంటికి నలుగురు అనుకుంటే రోజుకు 32,400 లీటర్లు, అంటే 12,000 లీటర్ల ట్యాంకర్లు దాదాపు మూడు. ఏడాదికి 118 లక్షల లీటర్లు. డాబా 1,400 చదరపు మీటర్లున్నా దాని మీద పడి చేతికి వచ్చేది 11.5 లక్షల లీటర్లు, అవసరంలో పదో వంతు. వాననీటి గుంత తవ్వితే ట్యాంకర్ మానేయవచ్చని అపార్ట్‌మెంట్లకు చెప్పేవాళ్లు ఈ లెక్క చెప్పరు. విడి ఇంటికి వాన ప్రధాన ఆధారం కాగలదు. అపార్ట్‌మెంటుకు అది ఒక భాగమే. మిగతాది వాడిన నీటిని మళ్లీ వాడటంలోంచి, బేస్‌మెంట్ నీటిలోంచి, పొదుపులోంచి రావాలి.

ఇంకుడు బావి తవ్వడం

బెంగళూరులో వాననీటిని పట్టి దాచే, లేదా నేలలోకి ఇంకించే ఏర్పాటు 2009 నుంచే చట్టప్రకారం తప్పనిసరి. 60కి 40 అంతకు మించిన పాత సైట్లకు, 30కి 40 అంతకు మించిన కొత్త కట్టడాలకు వర్తిస్తుంది. లేకపోతే నీటి బిల్లు మీద జరిమానా వేస్తారు. ఆ భయంతో నాలుగడుగుల గుంత తీసి, కంకర నింపి, ఫొటో తీసి పంపినవే చాలా ఉన్నాయి. అవి రెండో వానాకాలానికి పూడిపోతాయి.

పనిచేసే బావి ఇలా ఉంటుంది. లోపలి వ్యాసం మూడడుగులు, లోతు ఇరవై అడుగులు. ఒక్కోటి అడుగు ఎత్తుండే సిమెంటు వరలు ఇరవై. తవ్వకం మాత్రం నాలుగున్నర అడుగుల వెడల్పున తీయాలి. వరల చుట్టూ మిగిలిన సందులో 40 ఎంఎం కంకర, ఇక్కడివాళ్లు జల్లి అనేది, పోస్తారు. వరల మధ్య అతుకులు సిమెంటుతో పూయకూడదు, నీరు బయటికి పోవాల్సింది ఆ సందుల్లోంచే. అడుగున కాంక్రీటు వేయకూడదు. లోపల కంకర, ఇసుక, బొగ్గు ఏమీ నింపకూడదు. కంకరతో నింపితే నీరు పట్టే చోటు సగానికి పైగా పోతుంది, పైగా పూడిక తీయడానికి మనిషి దిగలేడు. ఖాళీగా ఉన్న ఈ బావిలో 4,000 లీటర్లు పడతాయి. నాలుగడుగుల వ్యాసం, ముప్పై అడుగుల లోతు అయితే 10,600 లీటర్లు. 60 మిల్లీమీటర్ల వాన కురిసిన సాయంత్రం 150 చదరపు మీటర్ల డాబా నుంచి 7,650 లీటర్లు దిగుతాయి కాబట్టి, చోటుంటే పెద్దదే మేలు.

డాబా పైపు నోటి దగ్గర ఆకులు ఆపే జాలీ కావాలి. ఆ తర్వాత బావికి ముందు రెండడుగుల చదరపు తొట్టి ఒకటి, మధ్యలో అడ్డుగోడతో. మట్టి ఇక్కడ దిగిపోవాలి. విడి ఇంట్లో అయితే వాన ముందు ఫిల్టరు దాటి సంపులోకి వెళ్లి, అది నిండాక పొర్లింది బావిలోకి పోయేట్టు పెట్టుకోండి. చేతికందే నీటిని నేలలో పోసి మళ్లీ తోడుకోవడం దండగ. మొదటి రెండు మిల్లీమీటర్ల వాన డాబా దుమ్మును కడిగేస్తుంది. దాన్ని, అంటే 150 చదరపు మీటర్లకు 300 లీటర్లను, పక్కకు వదిలే వాల్వు ఉండాలి. పై వర దగ్గర వీధి కాలువ వైపు నాలుగంగుళాల పొర్లు పైపు పెట్టాలి. పైన బలమైన శ్లాబు, తాళం పడే మూత. పిల్లలు తిరిగే చోట ఇందులో రాజీ పడకూడదు.

సెప్టిక్ ట్యాంకుకు, మురుగు పైపుకు కనీసం 15 మీటర్ల దూరం పాటించండి. కార్లు నిలిపే చోటు నుంచి నూనె కలిసిన నీరు బావిలోకి రాకూడదు. నిర్మాణం సాగుతున్నంతకాలం బావిని మూసే ఉంచాలి. సిమెంటు, ఇసుక కలిసిన నీరు ఒక్క వానకే మొరం రంధ్రాలను పూడ్చేస్తుంది. ఎనిమిది అడుగులకే బండ తగిలితే దాన్ని పగలగొట్టడం వృథా, చోటు మార్చడం నయం. డాబా నీటిని నేరుగా ఎండిన బోరులోకి వదిలే పద్ధతి కూడా కొందరు చెబుతారు. ఫిల్టరు ఒక్కరోజు పనిచేయకపోయినా మురికి నేరుగా లోతు పగుళ్లలోకి పోతుంది, దాన్ని మళ్లీ శుభ్రం చేసే దారి లేదు. బావిలో అయితే మట్టి పొర వడకట్టి పంపుతుంది. మా ఓటు బావికే.

తవ్వేవాళ్ల గురించి చెప్పాలి. ఈ నగరంలో బావులు తవ్విన చేతులు ఎక్కువగా మన్ను వడ్డర్లవి. ఇంట్లో వాళ్లు మాట్లాడేది తమదైన యాసలో తెలుగే. ఏ వీధిలో ఎన్ని అడుగులకు మొరం దిగుతుంది, ఎక్కడ ఊట వస్తుంది, ఎక్కడ మట్టి జారుతుంది అన్నది వాళ్లకు తరాలుగా తెలిసిన విద్య. కబ్బన్ పార్కులో పూడిపోయిన పాత బావులను మళ్లీ నీటికి తెచ్చిందీ వాళ్లే. చోటు నిర్ణయించేముందు వాళ్లతో కూర్చుని మాట్లాడండి, డ్రాయింగు తర్వాత గీయించుకోవచ్చు. లోపల మనిషి ఉండగా పైన ఇద్దరు, నడుముకు తాడు, తలకు హెల్మెట్ ఉండాలి. పాత బావి పూడిక తీసేటప్పుడు దిగేముందు బ్లోయర్‌తో గాలి పంపాలి, దిగాక కూడా ఆపకూడదు. మురుగు చేరిందని అనుమానమున్న గుంతలోకి మనిషిని దించడం ప్రాణం తీయడమే, చట్టరీత్యా నేరం కూడా.

బేస్‌మెంట్ గుంత

ముందు ఎన్ని నీళ్లు పోతున్నాయో కొలవండి. ఆ పంపు 200 లీటర్ల డ్రమ్మును నిమిషంలో నింపి, రోజు మొత్తం మీద 50 నిమిషాలు నడిచిందనుకుంటే, కాలువలో కలిసింది పదివేల లీటర్లు. 60 ఫ్లాట్లకు తలకు రోజుకు 45 లీటర్ల చొప్పున ఫ్లష్‌కు కావాల్సింది 10,800 లీటర్లు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి అసోసియేషన్ మీటింగులో చూపిస్తే చర్చ వేరేగా సాగుతుంది.

అయితే అవి ఏ నీళ్లో తెలియకుండా వాడకూడదు. భూగర్భ ఊట కావచ్చు, మీ సంపు పగులే కావచ్చు, మురుగు పైపు కారడం కావచ్చు. నమూనాను ల్యాబుకు పంపి అమ్మోనియా, ఇ-కోలై (మలంలో ఉండే సూక్ష్మజీవి), నైట్రేట్, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) చూపించండి. అమ్మోనియా, ఇ-కోలై రెండూ ఎక్కువగా ఉంటే తాజా మురుగు కలుస్తోందని అనుమానించి ముందు పైపులు సరిచేయాలి. నైట్రేట్ మాత్రమే లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే, చుట్టుపక్కల మురుగు చాలాకాలంగా నేలలోకి ఇంకుతోందని అర్థం చేసుకోవచ్చు. ఆ నీరు తాగడానికి పనికిరాదు, మరిగిస్తే నైట్రేట్ ఇంకా చిక్కబడుతుంది. ఫ్లష్‌కు, నేల కడగడానికి మాత్రం, మట్టి దిగడానికి ఒక తొట్టి, ఇసుక ఫిల్టరు, కాస్త క్లోరిన్ ఉంటే సరిపోతుంది. దానికి వేరే పైపు ఉండాలి, కావేరి పైపుతో ఎక్కడా కలవకూడదు.

ఇలాంటి భవనంలో ఇంకుడు బావిని గోడ పక్కనే తవ్వితే వాన మొత్తం మళ్లీ బేస్‌మెంట్‌లోకే వస్తుంది. ఆవరణ దూరపు మూలలో, బేస్‌మెంట్ అడుగు కంటే లోతుగా తీసి, ఆ మట్టం దాకా పై వరల అతుకులను సిమెంటుతో మూయించాలి. వరల సందులు పూయకూడదన్న నియమానికి ఇదొక్కటే మినహాయింపు.

వాడిన నీరు

ఇంట్లోకి వచ్చిన నీటిలో దాదాపు 80 శాతం మురుగై బయటికి పోతుంది. అంటే 60 ఫ్లాట్ల భవనంలో రోజుకు 26,000 లీటర్లు. భవనంలోని మురుగు శుద్ధి యంత్రాంగం, అంటే ఎస్టీపీ, సరిగా నడిస్తే ఫ్లష్, తోట రెండూ అందులోనే గడుస్తాయి. సరిగా నడవకపోవడానికి చాలాచోట్ల కారణం ఒకటే. కరెంటు బిల్లు తగ్గించడానికి రాత్రి బ్లోయర్ ఆపేస్తారు. గాలి లేక మంచి సూక్ష్మజీవులు చస్తాయి, నీరు కంపు కొడుతుంది, ఫ్లాటువాళ్లు ఫ్లష్‌కు మంచినీళ్లే ఇమ్మంటారు. ఆదా అయిన కరెంటు కంటే ట్యాంకర్ ఖర్చు ఎక్కువవుతుంది. ఆ గాలి అందే ఏరేషన్ ట్యాంకులో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాముల దగ్గర ఉండాలి. నీటి కాఠిన్యం తగ్గించే సాఫ్ట్‌నర్‌ను కడిగిన ఉప్పునీటిని ఎస్టీపీలోకి వదలకండి. ఉప్పును అది తీయలేదు, ఆ నీరు పోసిన మొక్కలు ఆకు అంచుల నుంచి మాడతాయి.

శుద్ధి చేసిన నీరు చెరువులోకి వెళితే పై నీటికి అంతకంటే పెద్ద ఆసరా లేదు. జక్కూరు చెరువులో శుద్ధి చేసిన మురుగు తుంగ, జమ్ము పెరిగిన తడినేల గుండా పోయి చెరువు చేరుతుంది, పక్క బావుల్లో ఊట నిలుస్తుంది. కోరమంగళ, చల్లఘట్ట లోయ నుంచి 2018 నుంచి కోలారు చెరువులకు వెళుతున్న నీటి వల్ల అక్కడా నీటిమట్టాలు లేచాయి. సూక్ష్మజీవులతో చేసే రెండో దశ శుద్ధితోనే ఆపేసి పంపడం మీద కోలారు రైతుల ఆందోళన మాత్రం న్యాయమైనదే. తాగే బావుల పక్క నింపే నీటికి, మిగిలిన మలినాలను కూడా తీసే మూడో దశ శుద్ధి ఉండాలి.

కుళాయి దగ్గర

మామూలు కుళాయి నిమిషానికి 10 నుంచి 15 లీటర్లు వదిలితే, ధారలో గాలి కలిపే ఏరేటర్ బిగించినది మూడు నుంచి ఐదు లీటర్లతో అదే పని చేస్తుంది. ఉప్పు పేరుకుంటే విప్పి నిమ్మరసంలో నానబెట్టాలి, లేకపోతే జనం విసుగెత్తి పీకేస్తారు. ఫ్లష్ ట్యాంకులో చెంచాడు కాఫీ డికాక్షన్ పోసి, అరగంట ఫ్లష్ చేయకుండా చూడండి. కింద బేసిన్‌లో రంగు కనిపిస్తే వాల్వు కారుతోంది. ఆర్వో యంత్రం ఒక లీటరు ఇచ్చేందుకు రెండు మూడు లీటర్లు పారబోస్తుంది. కావేరి నీరు వచ్చే ఇంట్లో టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపే ఉంటే అది అక్కర్లేదు, మామూలు ఫిల్టరు, యూవీ సరిపోతాయి. బోరు నీటికి తప్పకపోతే ఆ పారే నీటిని గిన్నెల తొలి కడుగుకు, నేల తుడవడానికి పట్టుకోండి.

కొలత

బావి తవ్వించాక దాని పని చూసేవాళ్లుండాలి. తాడుకు చిన్న బరువు కట్టి, అడుగు అడుగుకూ ముడి వేసి, ప్రతి నెల ఒకటో తేదీన నీటిమట్టం ఎన్ని అడుగుల కింద ఉందో గేటు దగ్గర పుస్తకంలో రాయించండి. పెద్ద వాన తర్వాత బావి నిండితే, ఆ మర్నాడు, మూడో రోజు కూడా రాయించండి. మొదటి ఏడాది ఒక రోజులో దిగిన నీరు రెండో ఏడాది నాలుగు రోజులు నిలిస్తే పూడిక పట్టిందన్నమాట. అలా కాకుండా, ఏటా వేసవిలో కూడా అడుగున నీరు నిలకడగా కనిపిస్తుంటే పై పొర తేరుకుంటోంది, ఆ బావికి చిన్న మోటారు పెట్టి తోటకో ఫ్లష్‌కో తోడుకోవచ్చు. పూడిక తీయించడానికి మార్చి నెలాఖరు మంచిది. ఏప్రిల్ వానలకు ముందు తొట్టి, జాలీ, పొర్లు పైపు కూడా అదే రోజు శుభ్రం చేయించి, తీసిన మట్టిని బావి గట్టున కాకుండా దూరంగా వేయించండి. గట్టున పోసిన మట్టి మొదటి వానకే మళ్లీ లోపలికి చేరుతుంది.